తుడవని ముక్కులు

ముప్పై ఏళ్ళకు పైగా ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేశాను. ఎక్కువ కాలం మార్కాపురంలో, కొంతకాలం గిద్దలూరులో. రిటైరై ఇంట్లో కూర్చున్నాక ఒకరోజు మా చెల్లెలి కూతురు వచ్చింది. ఇదే కోర్సు పూర్తిచేసి ఉద్యోగంలో చేరబోతున్న పిల్ల. "పెద్దమ్మా, ఇన్నేండ్లు చేసినావు గదా, నాకు పనికొచ్చేది ఒక్కటి చెప్పు" అంది. పుస్తకాల్లో ఉన్నదంతా దానికి వచ్చు, నాకంటే ఎక్కువే వచ్చు. కొత్త యంత్రాల పేర్లు అది గడగడా చెబుతుంటే నేను నోరు తెరుచుకుని విన్నాను. అందుకని దానికీ, దానిలాంటి పిల్లలకీ పుస్తకాల్లో దొరకనిది రాద్దామని కూర్చున్నాను.

నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఎవరు అడ్డుపడ్డారు అన్న కథలు ఇందులో ఉండవు. అవి రాస్తే నా బీపీ పెరగడం తప్ప ఎవరికీ ఒరిగేదేమీ లేదు. నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. దాని ముందు, నాకు పని నేర్పిన మనిషి గురించి కొంచెం చెప్పాలి.

ఖాదర్ సార్

మార్కాపురం ఆసుపత్రి ల్యాబ్‌లో నేను చేరేనాటికే ఖాదర్ సార్ తల నెరిసిన సీనియర్. ఆయన మాట మెల్లగా ఉండేది. కోపం వస్తే ఇంకా మెల్లగా మాట్లాడేవారు. అప్పుడు మేము భయపడేవాళ్ళం.

చేరిన కొత్తలో, కాన్పు కోత మానని ఒక బాలింత దగ్గర్నుంచి చీము కల్చర్‌కు వచ్చింది. కల్చర్ అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. క్రిములకు కావలసిన తిండి పోసిన గాజు ప్లేటు మీద నమూనా రాసి, వెచ్చని పెట్టెలో ఒక రోజంతా ఉంచుతాం. క్రిములుంటే మర్నాటికి చుక్కలు చుక్కలుగా పెరిగి కంటికి కనిపిస్తాయి. నేను మర్నాడు చూశాను. ప్లేటు మీద ఏమీ లేదు. ఏమీ లేదనే రాసి రిపోర్టు వార్డుకు పంపేశాను.

ఖాదర్ సార్ వచ్చి నా రిపోర్టు చూడలేదు, ప్లేటూ చూడలేదు. నేరుగా వెళ్ళి పెట్టె మీద అరచెయ్యి పెట్టారు. చల్లగా ఉంది. ముందురోజు కరెంటు పోయిన సంగతి నాకు పట్టనే లేదు.

"ఏమీ మొలవలేదని రాసినావు బేటీ. విత్తనం లేక మొలవలేదా, నేలలో పదును లేక మొలవలేదా?" అన్నారు, చాలా మెల్లగా.

మెట్ట సేద్యం చేసే ఇంట్లో పుట్టినదాన్ని. ఆ మాట నాకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. "పో, ఇచ్చిన రిపోర్టు నీ చేత్తోనే ఎనక్కి తీసుకురా. డాక్టరుకూ నువ్వే చెప్పాల, ఆ బాలింతకూ నువ్వే చెప్పాల" అన్నారు. వార్డుకు వెళ్ళాను. డాక్టరు చీదరించుకున్నాడు. బాలింత తల్లి నన్ను నానా మాటలూ అంది. పడ్డాను. మళ్ళీ చేస్తే క్రిమి దొరికింది, మందు మార్చారు, ఆ అమ్మాయి బిడ్డనెత్తుకుని ఇంటికి వెళ్ళింది.

ఈ సంగతి గుర్తుందని చాలా ఏళ్ళు గొప్పలు చెప్పుకున్నాను. గుర్తుండటం వేరు, సమయానికి గుర్తుకు రావడం వేరని సర్వీసు చివర్లో తెలిసింది.

ముక్కులో కాపురం

రిటైర్మెంటు దగ్గరపడ్డాక నన్ను ఒక పరిశోధనలో వేశారు. ఒక వైద్య కళాశాల నుంచి వచ్చిన డాక్టర్ సునంద గారు దానికి పెద్ద. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్న. తెలివైన మనిషి, కష్టపడే మనిషి. తిండి మానేసి పనిచేయడం ఒక్కటే ఆవిడలో నాకు నచ్చని గుణం. ఎందుకంటే పక్కన మేము కూడా మానేయాల్సి వచ్చేది.

స్టాఫ్ అని ఒక బ్యాక్టీరియా ఉంది. చాలామంది ముక్కుల్లో అది ఏ గొడవా లేకుండా కాపురం చేస్తుంది. కొందరిలో మాత్రం ముక్కులోంచి చర్మం మీదికి దిగి సెగ్గడ్డలు లేపుతుంది. ఎప్పుడో ఒకసారి రక్తంలోకి దిగి ప్రాణం మీదికి తెస్తుంది. ఒకే ఊళ్ళో, ఒకే వీధిలో, ఒక బిడ్డ ముక్కులో ఇది ఎందుకుంటుంది, పక్కింటి బిడ్డ ముక్కులో ఎందుకుండదు? డాక్టరమ్మకు కావలసిన జవాబు ఇదే.

దానికోసం ప్రతి బిడ్డ దగ్గరా రెండు నమూనాలు తీసేవాళ్ళం. దూదిపుల్లతో ముక్కు లోపలి తడి ఒకటి, సూదితో కాస్త రక్తం ఒకటి. ముక్కు తడిలో స్టాఫ్ ఉందో లేదో నేను చూడాలి. రక్తం పట్నం వెళ్ళేది. రోగంతో పోరాడే జన్యువుల్లో ఏవి ఇప్పుడు పనిలో ఉన్నాయో, ఏవి ఊరుకున్నాయో అక్కడి యంత్రాలు చెప్పేవి. తల్లులకు ఇది చెప్పడం నా వంతు. "మీ ఇంట్లో కొడవలి, పార, గొడ్డలి అన్నీ ఉంటయ్ గదా. ఈ పూట ఏది బయటికి తీసినారో చూస్తే మీరు ఏ పనికి పోతున్నారో తెలుస్తది. ఇదీ అంతే. బిడ్డ ఒంట్లో ఇప్పుడు ఏ పనిముట్టు బయటికి తీసిందో రక్తంలో చూస్తాం" అనేదాన్ని. డాక్టరమ్మ నవ్వి, ఇంత సులువుగా తన క్లాసులో తాను కూడా చెప్పలేదని అంది.

అంకమ్మ ఒప్పుకున్న కారణం

మార్కాపురం పిల్లల నమూనాలు తీయడం అయ్యాక, యర్రగొండపాలెం అవతల అడవి అంచున ఒక గొర్రెల కాపర్ల పల్లెను ఎంచుకున్నాం. అక్కడ పిల్లలు పుట్టిన దగ్గర్నుంచి గొర్రెపిల్లలతో కలిసి పెరుగుతారు. వాళ్ళ ఒళ్ళు వేరుగా పోరాడుతుందేమో చూడాలని డాక్టరమ్మ ఆశ.

రక్తం అనగానే పల్లె ససేమిరా అంది. ముందుగా ఒప్పుకున్నది అంకమ్మ. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. చంకలో నాలుగేళ్ళ నాగమణి. పిల్ల మోచేతి మీద, తొడ మీద మానిన సెగ్గడ్డల మచ్చలు.

"దీనికి పైన నాకొక కొడుకుండె అక్కా. వానికీ ఇట్లే గడ్డలు లేసేటివి. ఒక గడ్డ పగలక ముందే జరమొచ్చింది. మూడోనాడు పోయినాడు. ఇప్పుడు దీనికి గడ్డ లేసినప్పుడల్లా నాకు అన్నం దిగదు. ఏందో ఒకటి ఉంది, అది ఏందో చెప్పండి. మీకు ఎంత రత్తం గావాల్నో తీసుకోండి" అంది.

ఆమె ఒప్పుకుంది కాబట్టి మిగతావాళ్ళూ ఒప్పుకున్నారు. మర్నాడు పొద్దున వస్తామని చెప్పి జీపు ఎక్కబోతూ, నేను అందరికీ వినపడేలా ఒక మాట అన్నాను. "రేపు మేం వచ్చేసరికి పిల్లల్ని శుభ్రంగా తయారుచేసి పెట్టండి."

ముప్పై ఏళ్ళుగా ప్రతి క్యాంపులో అంటున్న మాట అది. నోటికి అలవాటైపోయింది.

మర్నాడు పిల్లలందరూ తలంట్లు పోసుకుని, కాటుకలు పెట్టుకుని, వరసగా కూర్చుని ఉన్నారు. ఎంత ముచ్చటేసిందో! ముక్కు కారే బిడ్డ ఒక్కడు లేడు. పుల్ల పెట్టి తీస్తుంటే దూది కొసన కాస్త పసుపు అంటుకుని వచ్చింది. చూశాను. ముఖానికి రాసిన పసుపు అనుకుని ఊరుకున్నాను.

బంగారు రంగు

ఆ పల్లె ప్లేట్లలో ఒక్కదానిలోనూ స్టాఫ్ లేదు. మాకిచ్చిన ఫారంలో ఒకటే గడి ఉండేది, స్టాఫ్ ఉందా లేదా అని. లేదు, లేదు, లేదు అని వరసగా నింపుకుంటూ పోయాను. అంకమ్మకు కబురు కూడా నేనే చెప్పాను. "నీ బిడ్డ ముక్కులో ఏమీ లేదు తల్లీ, నిశ్చింతగా ఉండు."

"ఏమీ లేదా?" అంది. ఆ గొంతులో సంతోషం లేకపోవడం నేను గమనించాను గానీ పట్టించుకోలేదు.

పట్నం నుంచి రక్తం ఫలితాలు వచ్చాక డాక్టరమ్మ ఆనందానికి పట్టపగ్గాలు లేవు. ఆ పిల్లల్లో చాలామందికి స్టాఫ్‌ను అడ్డుకునే జన్యువులు గట్టిగా పనిచేస్తున్నాయట. ముక్కులు చూస్తే ఖాళీ. "చూశారా రత్నమ్మ గారూ! గొర్రెల మధ్య పెరిగిన పిల్లల ఒళ్ళు ఆ క్రిమిని తరిమేస్తోంది!" అని నా చేతులు పట్టుకుని ఊపింది. పెద్ద సభలో చదవడానికి వ్యాసం సిద్ధం చేసుకుంటోంది. నా పేరు కూడా అందులో వేస్తానంది. నేనూ పొంగిపోయాను, అబద్ధం ఎందుకు.

రెండు నెలలు గడిచాయి. ఒకరోజు అంకమ్మ నాగమణిని ఎత్తుకుని మార్కాపురం ఆసుపత్రికి వచ్చింది. పిల్ల వీపు మీద కోడిగుడ్డంత గడ్డ, ఒళ్ళు కాలిపోతోంది. గడ్డ కోసి పిల్లను వార్డులో ఉంచుకున్నారు. చీము మా దగ్గరికి వచ్చింది. మర్నాడు ప్లేటు తీసి చూశాను. నిండా బంగారు రంగు చుక్కలు. స్టాఫ్‌ను ఆ రంగు చూసి దూరం నుంచే గుర్తుపడతాం.

చీములో ఇంత ఉంది. ముక్కులో లేనే లేదని నేనే రాశాను. సరే, అలా జరగకూడదని లేదు. కానీ మనసు ఒప్పుకోక నా చిత్తు నోటు పుస్తకం తీశాను. ఫారంలో గడి లేకపోయినా, ప్లేటు మీద ఏం కనబడితే అది రాసుకోవడం ఖాదర్ సార్ పెట్టిన అలవాటు. మార్కాపురం పిల్లల పేజీల్లో స్టాఫ్ లేనిచోట కూడా తెల్ల చుక్కలు, బూడిద చుక్కలు అని ఏదో ఒకటి ఉంది. ఆరోగ్యంగా ఉన్న ముక్కులోనూ అపకారం చేయని క్రిములు బోలెడుంటాయి. ఆ పల్లె పేజీలో మాత్రం పై నుంచి కింది వరకు నా దస్తూరీతో ఒకటే మాట. ఖాళీ. ఖాళీ. ఖాళీ.

ఇన్నేళ్ళ అనుభవం ఉన్న మనిషిని! ఉండవలసినవి కూడా లేకపోతే అనుమానం రావద్దా? నన్ను నేను తిట్టుకున్నట్టు ఆ బాలింత తల్లి కూడా తిట్టలేదు.

వార్డుకు వెళ్ళి అంకమ్మ పక్కన కూర్చున్నాను. "ముక్కు పరీక్షనాడు పొద్దున బిడ్డకు ఏమేం చేసినావు?" అని అడిగాను.

"నువ్వే గదక్కా శుభ్రంగా పెట్టమంటివి. తలకు పోసినా. మా అత్త ఆముదంలో పసుపు రంగరించి, గుడ్డవత్తి ముంచి ముక్కు లోపలంతా తుడిచింది. పుట్టెంటికలు తీయించను గుడికి పోయేముందు అట్లనే చేస్తాం. పల్లెంతా అట్లనే చేసినారు. డాక్టరమ్మ ఎదురుగా పిల్లల ముక్కులు కారుతుంటే మాకు మర్యాద గాదు గదా." నా ముఖం చూసి, "ఏందక్కా, తప్పు జేసినామా?" అంది.

"లేదు తల్లీ. తప్పు చేసింది నేను" అన్నాను.

డాక్టరమ్మ గదిలో

అదే రోజు నోటు పుస్తకం పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. అంతా చెప్పాను.

"వ్యాసం పంపే రోజు దగ్గరికొచ్చింది. మీరు ఇప్పుడు చెబుతున్నారు" అంది ఆవిడ. కోపంలో న్యాయం ఉంది. తల వంచుకున్నాను. తర్వాత తనే, "ఆ పల్లెను పూర్తిగా తీసేద్దాం. మిగతా పిల్లలతో రాసుకుంటాను. ఎవరికీ నష్టం లేదు" అంది.

ఆవిడ చెప్పింది మోసమేమీ కాదు. చాలామంది పెద్ద డాక్టర్లు అంత కూడా చేసేవారు కాదు. అయినా నాకు ఒళ్ళు మండింది.

"తీసేస్తే మీ వ్యాసం సరిపోతుంది మేడమ్. మరి నేను ఇచ్చిన రిపోర్టుల సంగతేంటి? అంకమ్మకు నిశ్చింతగా ఉండమని చెప్పింది నేను. ఆమె కొడుకు ఒకడు పోయాడు. ఆ మాట వెనక్కి తెచ్చుకోకుండా నేను రిటైరవను" అన్నాను. నా గొంతు గది బయటికి కూడా వినపడిందని తర్వాత చెప్పారు.

ఆవిడ నోటు పుస్తకం తన వైపు తిప్పుకుని ఆ పేజీ మీద వేలు పెట్టి కూర్చుంది. పిల్లల రక్తంలో కాపలా మేలుకుని ఉండటం నిజమే. దొంగను తరిమేసింది కాబట్టి ముక్కు ఖాళీ అనుకున్నాం. దొంగ లోపలే ఉన్నాడు కాబట్టి కాపలా మేలుకుని ఉండొచ్చు కదా. ఇది నేను చెప్పలేదు, ఆవిడే తనలో తాను అనుకున్నట్టుగా అంది. తర్వాత తలెత్తి, "ముక్కు, రక్తం రెండూ ఒకేరోజు మళ్ళీ తీయాలి. ఎప్పుడు వెళ్దాం?" అంది.

సునంద గారి మీద నాకు గౌరవం కలిగింది ఆ రోజునే.

మళ్ళీ అదే పల్లె

చేతిలో సమయం లేదు. ఎండలు ముదిరేలోగా ఆ పల్లెవాళ్ళు మందలు తోలుకుని, పెళ్ళాం బిడ్డలతో సహా తూర్పు వైపు పొలాలకు వెళ్ళిపోతారు. వాన పడేదాకా రారు. నాగమణిని ఇంటికి పంపిన మర్నాడే పల్లెకు వెళ్ళాం. మందలు కదలడానికి మూడు రోజులే ఉంది.

రెండోసారి రక్తం అనగానే జనం మండిపడ్డారు. "ఒకసారి ఇచ్చిన రత్తం ఏం జేసినారు? పారబోసినారా?" అని ఒకాయన నిలదీశాడు. డాక్టరమ్మ ఏదో సర్దిచెప్పబోయింది. నేను ముందుకు వచ్చాను.

"చూడు నాయనా, తప్పు నాది. ముక్కులో ఏముందో చూడాలని వచ్చి, ముక్కు తుడిచిపెట్టమని చెప్పినా. మీరు నా మాట విన్నారు. అందువల్ల నేను ఇచ్చిన రిపోర్టులన్నీ తప్పు. వాటిని నమ్మొద్దని చెప్పడానికి వచ్చినా. బిడ్డను ఇస్తే మళ్ళీ చూస్తా. ఇవ్వకపోతే మీ ఇష్టం" అన్నాను.

అప్పుడు అంకమ్మ లేచింది. "నాకు తెలియాల. రేపు పొద్దున నా బిడ్డను తెస్తా, ముక్కు తుడవకుండా తెస్తా" అంది. ఒక ముసలావిడ మూతి తిప్పింది. "చీమిడి ముక్కులతో పిల్లలను నలుగురిలో పెడతారంటమ్మా! ఊరి మర్యాద ఏం గానూ!"

మర్నాటి దృశ్యం నేను చచ్చేదాకా మరిచిపోను. అంకమ్మను చూసి మిగతా తల్లులూ తెచ్చారు, పిల్లలంతా నిద్ర లేచిన ముఖాలతో, కారే ముక్కులతో ఉన్నారు. తల్లులు మాత్రం మా వైపు చూడలేక తలలు తిప్పుకుని నిలబడ్డారు. రక్తం ఇవ్వడానికి సిద్ధపడిన ఆడవాళ్ళు సిగ్గుతో చితికిపోతున్నారు. అంకమ్మ అత్త ఉండబట్టలేక కొంగు తీసుకుని నాగమణి ముక్కు మీదికి వెళ్ళింది. అంకమ్మ ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఉండత్తా, ఈ పొద్దు వద్దు" అంది. ముసలామె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి. మొదటిసారి వాళ్ళు అంత శ్రద్ధగా ముక్కులు తుడిచింది మాకు మర్యాద చేయడానికేనని అప్పటికి గానీ తలకెక్కలేదు.

నాగమణి ముక్కులో పుల్ల తిప్పి తీశాను. ఈసారి దూది మీద పసుపు లేదు. ఇక తుడుచుకోవచ్చని చెప్పడం మాత్రం నాకు తట్టలేదు.

త్రిపురాంతకం రోడ్డు

ఆ ప్లేట్లు ఒకరోజులో పెరిగాయి. ఏ ఒక్కటీ ఖాళీగా లేదు. కొన్నింట్లో మామూలు క్రిములే. కొన్నింట్లో స్టాఫ్. నాగమణి ప్లేటు నిండా బంగారు రంగు. రూఢి చేసుకునే పరీక్షకు ఇంకొక రోజు పట్టింది. డాక్టరమ్మ ముక్కులో రాసే మందు, ఇంట్లో మిగతావాళ్ళకు చేయవలసిన పరీక్షలు అన్నీ రాసి నా చేతికిచ్చింది. అప్పటికే మందలు కదిలాయి.

జీపు తీసుకుని వెంటపడ్డాం. త్రిపురాంతకం దాటాక గొర్రెలు రోడ్డంతా పరుచుకుని కనిపించాయి. జీపు దిగి వాటి మధ్యలోంచి నడుచుకుంటూ వెళ్ళాను. అంకమ్మ రోడ్డు పక్కన నిలబడిపోయింది. నా ముఖం చూస్తూనే, "చెప్పక్కా" అంది.

"ఉంది, అంకమ్మా" అన్నాను.

కబురు చెప్పి ఏడుపుకు సిద్ధపడి నిలబడ్డాను. ఆమె ఏడవలేదు. బిడ్డను దించి, అక్కడే మట్టిలో కూర్చుంది. ముఖం తేటపడింది.

"ఉందా! నేను అనుకుంటానే ఉన్నా అక్కా. వాడు పోయినప్పుడూ ఏం లేదన్నారు. దీనికి గడ్డలు లేసినప్పుడూ ఏం లేదన్నారు. నువ్వు గూడ ఏం లేదంటివి. నాకే పిచ్చి పట్టిందేమో అనుకున్యా. ఇప్పుడు అది ఏందో తెలిసింది గదా. ఏం జెయ్యాల్నో చెప్పు, నేను జేస్తా."

మందు ఎన్ని పూటలు రాయాలో, ఎన్ని రోజులు రాయాలో, దిగిన ఊళ్ళో ఏ ఆసుపత్రికి వెళ్ళాలో చెప్పాను. ఆమె ప్రతి మాటా తిరిగి నాకు అప్పజెప్పింది. ఆ పిల్లకు మళ్ళీ గడ్డ లేచిందో లేదో ప్రతి ఏడూ వానలు పడ్డాక పల్లెకు వెళ్ళి చూస్తున్నాను. రిటైరైనా మానలేదు. ఇప్పటివరకు లేవలేదు. వ్యాసంలో చివరికి ఏం తేలిందన్నది డాక్టరమ్మ పని, ఆవిడ చెప్పుకుంటుంది.

మా చెల్లెలి కూతురా, నువ్వు అడిగిన ఒక్కటి ఇదే. నీకు ఏ గడి నింపమని ఇచ్చినా ముందు ప్లేటు చూడు. ప్లేటు మరీ శుభ్రంగా ఉంటే, నువ్వు నిన్న నోటితో ఏమన్నావో గుర్తు తెచ్చుకో. తప్పని తేలితే రిపోర్టు వెనక్కి తెచ్చుకోవడానికి ఎంత దూరమైనా వెళ్ళు.

ఆ రోజు నేను జీపు ఎక్కబోతుంటే నాగమణి తుమ్మింది. ముక్కు పెదవి దాకా కారింది. అంకమ్మ చెయ్యి గబుక్కున కొంగు మీదికి వెళ్ళి, మధ్యలోనే ఆగిపోయింది. నా వైపు చూసింది.

"ఇప్పుడు తుడవచ్చునా అక్కా?"

"తుడువు తల్లీ" అన్నాను.

బిడ్డను దగ్గరికి లాక్కుని, మూడు రోజులుగా ఆపుకున్నదంతా తీరేలా, శుభ్రంగా తుడిచింది.